అటక కట్టిన బట్టీ

బట్టీ దగ్గర అందరూ నన్ను వదినా అనే పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపు మా మరిది ఒక్కడిదే. వాడి నోట విని విని గిలక లాగే ఆయన, బస్తాలు కుట్టేవాళ్ళు, ఆఖరికి అరవై దాటిన గేటు కాపలాదారు, అందరికీ వదిననైపోయాను. అంత పెద్దాయనకి నేను ఏ వరసన వదిననో ఆయనకే తెలియాలి. పిలిస్తే పిలిచారు, చెప్పిన మాట వింటే చాలు అనుకునేదాన్ని. పదేళ్ళుగా ఆ సున్నపు బట్టీ నెత్తిన నిలబడి నిప్పు చూస్తున్నది నేనే. రాయి ఎంత పోయాలి, బొగ్గు ఎంత, గాలి ఎంత, కింద ఎప్పుడు తీయాలి, ఎప్పుడు ఆపాలి, అంతా నా నోటిమీదే నడిచేది. నాకు నోరెక్కువ అంటారు. కింద మోటారు హోరు, పైన మంట హోరు. ఆ రెంటి మధ్యా నోరు లేనివాళ్ళు ఎలా పని చేయిస్తారో వచ్చి చేసి చూపించమనండి.

మాది నిలువు బట్టీ. మూడు మేడల ఎత్తు ఉంటుంది. ఇటుక గోడ, లోపల బోలు గొట్టం. పైనుంచి ఒక పొర సున్నపురాయి, ఒక పొర బొగ్గు, మళ్ళీ రాయి, మళ్ళీ బొగ్గు, అలా పోస్తూ పోతాం. నడిమధ్యన మండుతుంది. కాలిన రాయిని అడుగున ఉన్న కన్నాల్లోంచి పారలతో లాగుతాం. కింద తీసినకొద్దీ పైన సరుకు దిగుతుంది, దిగినకొద్దీ మళ్ళీ పోస్తాం. చెప్పుకోవడానికి ఇంతే. నేర్చుకోవడానికి మాత్రం నాకు ఒళ్ళంతా బొబ్బలెక్కాయి.

ఆ మధ్య మాకు కొత్త మేనేజరు వచ్చాడు. ముప్పై నిండని కుర్రవాడు. మంచివాడే, అబద్ధం చెప్పకూడదు. ఎవర్నీ ఏరా అనడు, అరవడు, నన్ను అమ్మా అంటాడు. కానీ వస్తూ వస్తూ ఒక పుస్తకం వెంటబెట్టుకొచ్చాడు. గనిలో, రాళ్ళలో, బట్టీలో వాడే మాటలన్నీ అందులో వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఒక్కో మాటకి ఒక్కో నంబరు, పక్కన దాని అర్థం, ఆ పక్కన అలా జరిగితే ఏం చేయాలో. మొత్తం నూటపద్నాలుగు. ఇకనుంచి రోజువారీ చిట్టాలో ఎవరూ సొంత మాటలు రాయకూడదు, నంబరు వేయాలి. నంబరు లేనిదాన్ని కంప్యూటరు తీసుకోదట.

రాయి కాలకుండా లోపల పచ్చిగా మిగిలిపోతే మేము గింజ అంటాం. అది నలభైరెండు. బొగ్గు పొడిని చూర అంటాం. అది పదిహేడు. వారం తిరక్కుండా జనం నంబర్లతో వేళాకోళం మొదలుపెట్టారు. గిలకాయన వాళ్ళావిడకి నలభైరెండు అని పేరు పెట్టాడు, చూడటానికి బాగా ఉడికినట్టుంటుంది గానీ లోపల పచ్చిదేనట. ఆవిడ చెవిన పడి ఉంటే ఆయన గిలక లాగడానికి మర్నాడు చేతులుండేవి కావు.

నేను నవ్వలేదు. ఆ పుస్తకం తయారుచేయడానికి ముందు, మా మాటలు రాసుకుపోవడానికి పెద్దాఫీసు నుంచి ఒక కళ్ళద్దాలాయన వచ్చాడు. నేను ఆయనకి అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాను. అటక.

"అటక ఇంట్లో ఉంటుంది కదమ్మా?" అన్నాడాయన.

"బట్టీలో కూడా కడుతుంది బాబూ" అని విడమరిచి చెప్పాను. చూర ఎక్కువైతే మంట హద్దు దాటుతుంది. రాళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, గోడకీ కరుచుకుని, అడ్డంగా గట్టిపడిపోతాయి. కింద మనం తీస్తూనే ఉంటాం, కింద ఖాళీ అవుతూనే ఉంటుంది. పైన మాత్రం కదలదు. పైనుంచి చూస్తే చదునుగా, నేలలాగే ఉంటుంది. దాని అడుగున అంతా బోలు, ఆ బోలు కింద నిప్పు. అదీ అటక.

మా ఆయన పోయింది దానిమీదే. పదేళ్ళ కిందట, పట్టపగలు, గునపంతో పొడిచి దింపుదామని దానిమీదకి దిగాడు. రెండో పోటుకి విరిగింది. కాగితాల్లో కాలు జారి పడ్డాడని రాశారు. ఆయన కాలు జారే మనిషి కాదు. ఆయన కాలికింద నేలే లేదు. ఆ కాగితం మీద నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. ఏం రాశారో చదువుకునే స్థితిలో నేను లేను. ఆ సంతకం గుర్తొస్తే నా కుడిచెయ్యి చూసుకుని నాకే ఒళ్ళు మండుతుంది.

ఇదంతా విని కళ్ళద్దాలాయన తన దగ్గరున్న కాగితాలు తిరగేశాడు. "ఈ నమూనా బట్టీలో అలా జరిగినట్టు రికార్డు ఒక్కటీ లేదమ్మా" అని, రాసుకున్న మాట మీద అడ్డగీత గీశాడు. నా కళ్ళముందే గీశాడు.

ఇక మా మరిది సంగతి. వాళ్ళన్న పోయేనాటికి వాడికి పదహారేళ్ళు. నేను వండిపెట్టి పెంచాను, నేనే బట్టీలో పెట్టించాను, నేనే పెళ్ళి చేశాను. నా తోడికోడలు కింద బస్తాలు కుడుతుంది. చేతిలో ఉన్న సూదికంటే దాని నాలుక వాడి. నా తర్వాత నిప్పు చూడటం తెలిసినవాడు మా మరిదే. నేను పగటిపూట, వాడు రాత్రిపూట. పనిమంతుడే. కానీ పొగిడితే పొంగిపోతాడు. ఆ నెలలో మేనేజరు వాడి భుజం తట్టి, మీ పూటలోనే సరుకు ఎక్కువ దిగుతోందని రెండుసార్లు అన్నాడు. వాడు ఇంటికొచ్చి ఆ మాట మాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఆ సోమవారం పొద్దున్న నేను పైకి వెళ్ళేసరికి పొగ ఒక పక్కనుంచే వస్తోంది. అప్పుడే అనుమానం వచ్చింది. బట్టీ లోపలికి మేము ఒక గొలుసు వేలాడదీస్తాం, దాని చివర ఇనపముక్క సరుకుమీద ఆనుకుని ఉంటుంది. సరుకు దిగితే గొలుసూ దిగుతుంది. ముందురోజు నేను సుద్దతో పెట్టిన గీత పెట్టినచోటే ఉంది, వేలెడు కూడా జరగలేదు. కిందకి కేకేసి ఎంత తీశారని అడిగాను. మొదట్లో బాగానే వచ్చిందనీ, తెల్లారినదగ్గర్నుంచీ పార పెడితే ఖాళీ గాలే తగులుతోందనీ చెప్పారు. పిడికెడు రాయి తీసుకుని లోపలికి విసిరాను. నిండుగా ఉంటే ఠక్కుమని ఊరుకుంటుంది. అది ఖాళీ బిందెమీద కొట్టినట్టు మోగింది.

వెనక్కి తిరిగేసరికి మా మరిది అక్కడే ఉన్నాడు. పూట అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు. నడుముకి తాడు బిగించుకుంటున్నాడు. పక్కన గోడకి గునపం చేరేసి ఉంది.

"ఏంరా ఇది?" అన్నాను.

"ఏం లేదు వదినా. కాస్త నెమ్మదిగా దిగుతోంది. ముప్పైఒకటి. చిట్టాలో రాసేశాను, మేనేజరుగారు కూడా చూశారు. దిగి నాలుగు పోట్లు పొడిస్తే సరి."

పుస్తకంలో ముప్పైఒకటి ఏమిటో నాకు తెలుసు. సరుకు నెమ్మదిగా దిగుట. ఏం చేయాలో పక్కనే అచ్చువేశారు. ఒక మనిషి సరుకుమీదకి దిగి గునపముతో కదిలించవలెను.

వాడి ముఖంలోకి చూశాను. వాడు గునపం వైపు చూశాడు. అప్పుడు కిందకి చూస్తే బొగ్గులోంచి చూర వేరుచేసే జల్లెడ కనబడింది, కడిగిపెట్టినట్టు శుభ్రంగా. దానికింద నా నడుమెత్తు చూర కుప్ప ఉండాలి, రెండు రోజుల బొగ్గుది. చారెడు లేదు.

"చూర ఏదిరా?"

వాడు తాడు ముడి మళ్ళీ బిగించాడు.

"నిన్నే అడుగుతున్నాను. చూర ఏమైంది?"

"జల్లెడ పట్టడానికే గంట పోతోంది వదినా. ఎక్కువ తీయమంటున్నారు కదా. కొంచెమే కదా అని..."

"కొంచెమే కదా అని అంతా లోపలికి ఎత్తిపోశావు."

వాడు తల దించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు, వీడు ఇంటికెందుకు వెళ్ళలేదో. తప్పు చేశాడు, నేను రాకముందే దిగి పొడిచి సర్దేద్దామనుకున్నాడు. నేను తిడతానన్న భయానికి నిప్పులోకి దిగడానికి సిద్ధపడ్డాడు. బిడ్డల్లేని నేను బిడ్డలా పెంచుకున్నది ఈ బుర్రనా అనిపించి, ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపాన్నే ముందు రానిచ్చాను.

"విప్పు ఆ తాడు."

"తాడు ఉంటే భయమేముంది వదినా? గిలకాయన పైన పట్టుకుంటాడు."

"మీ అన్న కూడా తాడు కట్టుకునే దిగాడు. కాలిపోయిన ముక్క నాకు చూపించారు."

ఈ మాట వాడికి అంతకుముందెన్నడూ చెప్పలేదు. వాడి చేతులు ముడిమీదే ఆగిపోయాయి. కానీ కింద పదిమంది తలెత్తి చూస్తున్నారు, మెట్లమీద మేనేజరు బూట్ల చప్పుడు వినిపిస్తోంది. మగపిల్లాడికి పరువొకటి అడ్డొచ్చింది. "అందరిముందూ చిన్నపిల్లాణ్ణి చేయకు నన్ను" అని గునపం అందుకున్నాడు.

బట్టీ నోటి చుట్టూ ఇనప కటకటాలు ఉంటాయి, లోపలికి దిగడానికి ఒకటే చిన్న తలుపు. నేను వాడికంటే ముందు వెళ్ళి దాన్ని మూసి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. ఇక దాన్ని తీసుకునే మొనగాడు ఆ ఆవరణలో లేడు. తర్వాత వంగి, గాలి మోటారు ఆపమని కిందకి కేకేశాను. ఆపేశారు. ఆ హోరు ఆగిపోయేసరికి అందరికీ చెవులు గింగురుమన్నాయి.

మేనేజరు పైకి వచ్చాడు, చేతిలో పుస్తకం. ఆయాసపడుతున్నాడు. "మోటారు ఎవరు ఆపమన్నారమ్మా?"

"నేనే."

"ముప్పైఒకటికి మోటారు ఆపమని లేదు కదా."

"ఇది ముప్పైఒకటి కాదు సార్."

"మరి ఏ నంబరు?"

"దీనికి నంబరు లేదు. అటక కట్టింది."

అతను పేజీలు తిప్పాడు. నిజంగానే వెతికాడు పాపం, మొదటినుంచి చివరిదాకా వేలుపెట్టి చూశాడు. "ఇందులో లేదమ్మా. నంబరు లేదంటే అలాంటిది జరగదనే కదా అర్థం."

"అలాగైతే మా ఆయన బతికే ఉన్నట్టు. ఇంటికి రమ్మని చెప్పండి."

అతను నావైపు చూసి, కటకటాల వైపు చూసి, లోపల చదునుగా ఉన్న రాళ్ళవైపు చూశాడు. చూస్తే నేలే. నేను మొదటిసారి చూసినా నేలే అనుకునేదాన్ని. "అంత గట్టిగా ఉంది కదమ్మా. పది నిమిషాల పని. పైవాళ్ళకి మోటారు ఎందుకు ఆగిందో నేను ఏం చెప్పను? తాళంచెవి ఇవ్వండి."

"ఇవ్వను."

"ఇది ఆజ్ఞ ధిక్కరించడం అవుతుంది."

"అవనివ్వండి. మీకంత గట్టిగా అనిపిస్తే మీరే దిగండి, మీకైతే తాళం తీస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. అతని ముఖం ఎర్రబడింది. అంత మాట అననక్కర్లేదేమో, కానీ అన్నందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. ఈలోగా నా తోడికోడలు బస్తాల సూది చేతపట్టుకుని మెట్లెక్కి వచ్చింది. దాని మొగుడి నడుముకున్న తాడు చూసింది, నన్ను చూసింది, తాళం చూసింది. ఎవర్నీ ఏమీ అడగలేదు.

"అక్కా, ఆ తాళంచెవి ఇలా ఇవ్వు. బావిలో పారేసి వస్తాను" అంది.

"నువ్వు కిందకి నడు" అన్నాడు మా మరిది.

"నేను నడుస్తాను, ముందు నువ్వు నడు. ఇల్లు ఊడ్చేటప్పుడు అటకమీద సామాను దించమంటే నడుం నొప్పంటావు, ఇక్కడ మాత్రం ఎగేసుకుని ఎక్కుతావు."

నేను మేనేజరుతో నెమ్మదిగా మాట్లాడాను, నాకు చేతనైనంత నెమ్మదిగా. "సార్, నేను అబద్ధమాడుతున్నానో లేదో ఇప్పుడే తేలుతుంది. మనిషిని దింపొద్దు, బరువు దింపుదాం. పాత తోపుడుబండి ఇనప చక్రం ఒకటి మూల పడి ఉంది. గొలుసు కట్టి పైనుంచి వదులుదాం. నేల అయితే దానిమీదే ఉంటుంది. అప్పుడు తాళం తీసి నేనే పక్కకి తప్పుకుంటాను. ముందు కింద కన్నాల దగ్గర ఒక్క మనిషి కూడా ఉండకూడదు. విరిగితే మంట కిందనుంచి బయటకి తన్నుతుంది."

అతను సరేనన్నాడు. అందుకే అంటున్నాను మంచివాడని.

కింద ఖాళీ చేయించాను. గేటు కాపలాదారు కదలకపోతే కేకలేశాను, వదినా వదినా అనుకుంటూ పరుగెత్తాడు. గిలకాయన చక్రాన్ని పైకి లాగి, బట్టీ నోటిమీదకి జరిపి, గొలుసు వదిలాడు. చక్రం పడింది. దుమ్ము లేచింది. చక్రం రాళ్ళమీద పక్కకి ఒరిగి అలాగే ఉండిపోయింది.

"చూశావా? గట్టిగానే ఉంది" అన్నాడు మా మరిది.

"లాగు, మళ్ళీ వెయ్యి" అన్నాను గిలకాయనతో.

రెండోసారి వేశాడు. రాళ్ళు చిట్లాయి, అంతే. మేనేజరు గడియారం చూసుకున్నాడు. తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది, దాని అరచెయ్యి చల్లగా ఉంది. నేను తప్పయితే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను, కానీ అది ఇప్పుడు విరక్కపోతే వీడు దిగుతాడు. అటు చూస్తే భయం, ఇటు చూస్తే భయం.

"మళ్ళీ వెయ్యి. ఈసారి నడిమధ్యన."

మూడోసారి చక్రం పడ్డచోట మొదట ఏమీ జరగలేదు. తర్వాత గోడ వెంబడి సన్నగా ఒక ఎర్రగీత కనబడింది. ఆ గీత గుండ్రంగా తిరిగి కలిసింది. అప్పుడు నేల మొత్తం ఒక్కసారిగా కిందకి వెళ్ళిపోయింది. చప్పుడు తర్వాత వచ్చింది. కటకటాలు ఊగాయి. వేడి ముఖాన కొట్టింది, అందరం వెనక్కి పడ్డాం. కింద అడుగు కన్నాల్లోంచి మంట నాలుగు పక్కలకీ తన్నింది, అంతకుముందు మనుషులు నిలబడ్డ చోట పారల పిడులు అంటుకున్నాయి. గిలక గిర్రున తిరిగి, గొలుసు ఉన్నదంతా లాక్కుని ఆగింది.

దుమ్ము సర్దుకున్నాక గిలకాయన పోయిన గొలుసు లెక్కచూసి, మూడు నిలువుల లోతు అన్నాడు. అంటే ముగ్గురు మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు నిలబడినంత. చక్రం ఎక్కడుందో కనబడలేదు, అంతా ఎరుపే.

మా మరిది కింద కూలబడ్డాడు. నడుముకి తాడు ఇంకా ఉంది, విప్పుకోవడానికి వేళ్ళు రావడం లేదు. తోడికోడలు బస్తాల సూదితో ఆ ముడి విప్పింది. విప్పి, వాడి వీపుమీద ఒక్కటిచ్చి, వాడి తల పట్టుకుని ఏడ్చింది. మేనేజరు కటకటాలు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. పుస్తకం కిందపడి ఉంది. నేనే తీసి దుమ్ము దులిపి ఇచ్చాను.

మర్నాడు ఆఫీసు గదికి పిలిపించారు. నన్నూ, మా మరిదినీ. మేనేజరు కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నిద్రపోయినట్టు లేదు. బల్లమీద ఒక కాగితం ఉంది. ముప్పైఒకటి నమోదైంది, సూచన ప్రకారం కదిలించగా సరుకు దిగింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కింద నా సంతకానికి చోటు.

"సంతకం పెట్టేయండమ్మా. అందరికీ మంచిది. మోటారు ఆపిన సంగతి కూడా ఎత్తను" అన్నాడు.

"మీరు చూశారు కదా సార్."

"చూశాను."

"అది ముప్పైఒకటా?"

అతను బల్లమీద కాగితం అంచు సరిచేశాడు.

"పదేళ్ళ కిందట ఇలాంటి కాగితమే పెట్టారు నాముందు. కాలు జారిందన్నారు. అప్పుడు నేను సంతకం పెట్టబట్టే కదా మీ పుస్తకంలో అటక లేకపోయింది. ఆ మాట ఉండి ఉంటే వీడు తాడు కట్టుకునేవాడా? పెట్టను. ఇది చింపేసి, జరిగింది రాయండి. అప్పుడు రెండు సంతకాలు పెడతాను."

అతను కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత ఆ కాగితం పక్కకి తోసి తెల్లకాగితం తీసుకున్నాడు. "సరే, అటక కట్టింది అనే రాస్తాను. కానీ రాస్తే పైవాళ్ళు మొదట అడిగేది కారణం. ఎందుకు కట్టింది?"

"చూర. జల్లెడ పట్టకుండా పోశారు."

"ఎవరు?"

మా మరిది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వాడివైపు తిరగలేదు. తిరగకుండానే ఎదురుచూశాను, నోరు తెరుస్తాడేమోనని. గోడ గడియారం చప్పుడు వినబడింది. వాడి చెప్పు నేలమీద రాసిన చప్పుడు వినబడింది. మాట మాత్రం వినబడలేదు.

"బట్టీ నాది సార్. ఏ పూటలో జరిగినా జవాబుదారీ నాది. నా పేరు రాసుకోండి" అన్నాను.

"అలా రాస్తే మిమ్మల్ని నిప్పు దగ్గర ఉంచనివ్వరు."

"ఉంచకపోతే మానేశారు. మాట మాత్రం కొట్టేయొద్దు."

అతను రాశాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివి, సంతకం పెట్టాను. పది రోజులకి జవాబు వచ్చింది. అటక అన్న మాట పరిశీలనలో ఉందట. నేను మాత్రం పరిశీలనలో లేను. నన్ను నిప్పు మీదనుంచి తీసి కింద జల్లెడ దగ్గర వేశారు. మా మరిదిని తాత్కాలికంగా నా స్థానంలో పెట్టారు, మరొకడు లేడు కాబట్టి.

కోపం రాలేదంటే అబద్ధం. నా పేరు రాసుకోమన్నది నేనే, ఎవరూ నా గొంతుమీద కూర్చోలేదు. కానీ ఆ గదిలో వాడు ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే నేను కిందేమిటి, గనిలోకి దిగి రాళ్ళు కూడా మోసేదాన్ని సంతోషంగా. వాడు అనలేదు. ఇంట్లో కంచం ముందు తల ఎత్తడు. నేను గదిలోకి వస్తే వాడికి బయట ఏదో పని గుర్తొస్తుంది. తోడికోడలు వడ్డిస్తూ వడ్డిస్తూ, "కొందరికి నాలుక కాలిపోయింది అక్కా, అన్నం ఎలా దిగుతోందో మరి" అనేది. నేను వద్దని సైగ చేసేదాన్ని. మనసులో మాత్రం ఇంకో రెండు అనవే అనుకునేదాన్ని.

జల్లెడ దగ్గర పని ఏముంది? బొగ్గు పోయాలి, ఊపాలి, చూర కిందకి, ముక్కలు పక్కకి. సాయంత్రానికి కనుబొమల దాకా నలుపు. చేసినంతకాలం ఒళ్ళు దాచుకోకుండా చేశాను. నా చేతుల్లోంచి చారెడు చూర పైకి వెళ్ళలేదు. కానీ మూడో నెలలో బొగ్గు తడిసి వచ్చింది. తడిస్తే చూర ముక్కలకే అంటుకుని పోతుంది, ఏ జల్లెడా దాన్ని ఆపలేదు. ఆ సంగతి చెబితే, వేరే బొగ్గు లేదు, దానితోనే కానివ్వమన్నారు.

నాలుగు రోజులకి, పొద్దెక్కాక, తల ఎత్తి చూస్తే పొగ ఒక పక్కనుంచే వస్తోంది.

నా కాళ్ళు వాటంతటవే మెట్లవైపు రెండడుగులు వేశాయి. ఆగిపోయాను. పైకెక్కడానికి నాకు అనుమతి లేదని కాగితం ఉంది. అదీగాక ఆరోజు పెద్దాఫీసు నుంచి తనిఖీకని ఒక పెద్దమనిషి వచ్చి ఉన్నాడు, తెల్లచొక్కా, నెత్తిన పసుపు టోపీ. అతనూ మేనేజరూ పైనే ఉన్నారు. కూలికి కొత్తగా చేరిన మనిషొకడు గునపం భుజాన వేసుకుని మెట్లెక్కడం చూశాను. వాడికి ఇంకా బట్టీ నోరెటో అడుగెటో తెలియదు. జల్లెడ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

ఉన్నట్టుండి గాలి మోటారు ఆగింది. హోరు పోయి పైమాటలు కిందకి స్పష్టంగా వినబడ్డాయి.

"మోటారు ఎవరాపారు?" తనిఖీ ఆయన గొంతు.

"నేనాపాను." మా మరిది గొంతు. "నువ్వు గునపం కింద పెట్టవోయ్. పెట్టి కిందకి వెళ్ళు."

"చిట్టాలో ముప్పైఒకటి అని రాస్తే సరిపోతుంది కదా, ఏమిటి ఆలస్యం?"

"ఇది ముప్పైఒకటి కాదండీ. అటక కట్టింది. దీనిమీదకి ఎవరూ దిగరు. నేను దిగను, ఇంకొకణ్ణి దిగనివ్వను."

"ఆ మాట పుస్తకంలో లేదు. పరిశీలనలో ఉంది."

"మీరు తీరిగ్గా పరిశీలించుకోండి. మా అన్న దీనిమీదే పోయాడు, కాలు జారి కాదు. మొన్న నేనూ పోవలసినవాణ్ణే. ఆరోజు చూర ఎత్తిపోసింది కూడా నేనే, మా వదిన కాదు. ముందు అది దిద్దుకోండి. ఆ తర్వాత నన్ను తీసేస్తారో ఏం చేస్తారో మీ ఇష్టం."

బస్తాల షెడ్డులోంచి తోడికోడలు బయటకి వచ్చి నిలబడింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, బొగ్గు ముఖం మీద చారలు కట్టాయి. తుడుచుకోలేదు. వాణ్ణి పెంచినందుకు అంత గర్వం నాకు అంతకుముందెన్నడూ కలగలేదు.

తనిఖీ ఆయన దబదబా మెట్లు దిగి వచ్చాడు. వెనకాల మేనేజరు. ఈ మొండిమనిషి ఎవరి మాట వింటాడని ఆయన అడిగినట్టున్నాడు, మేనేజరు నన్ను చూపించాడు. చూపిస్తున్నప్పుడు అతని పెదవిమీద నవ్వులాంటిది ఉంది.

"ఇదిగో అమ్మా, మీ మరిదట కదా" అన్నాడు తనిఖీ ఆయన రొప్పుతూ. "పెద్దదానివి, కాస్త నువ్వైనా చెప్పు వాడికి. తలుపు వదిలి పక్కకి తప్పుకోమను."

"నాదేముందండీ, జల్లెడ మనిషిని" అన్నాను. "పైసంగతి పైన ఉన్నవాణ్ణి అడగండి. మీరు మాత్రం ఆ కన్నాల దగ్గర నిలబడకండి, కాలిపోతారు."

ఆయన ఒక్క గెంతు గెంతాడు.